కొండ మీది పసుపు చెప్పు పువ్వును కుండీలోకి తెస్తే కాపాడినట్టేనా?

మీరు అడిగినవి మూడు. అగస్త్యమల ట్రెక్‌కి వెళ్ళొచ్చిన మీ స్నేహితుడు పంపిన ఫోటోలో చెప్పు ఆకారంలో ఉన్న పసుపు పువ్వు ఏమిటని మొదటిది. అచ్చం అలాంటి మొక్కనే ‘కొండ నుంచి నేరుగా తెచ్చింది, దుబ్బు దుబ్బుగా ఇస్తాను’ అని ఆన్‌లైన్‌లో ఒకతను అమ్ముతున్నాడు, కొనొచ్చా అని రెండోది. పూల కొట్లలో ఆర్కిడ్‌లు బకెట్ల కొద్దీ దొరుకుతుంటే ఇదొక్కటే ఎందుకంత అరుదు అని మూడోది. వీటి చివర ఒక మాట అన్నారు: ‘అక్కడే ఉంటే ఎలాగూ అంతరించిపోతుంది, నా దగ్గరైతే జాగ్రత్తగా బతుకుతుంది కదా.’ నేను ఇంత పొడుగు సమాధానం రాయడానికి కూర్చున్నది ఆ చివరి మాట కోసమే. ఇరవై ఏళ్ళకు పైగా ఆర్కిడ్‌లు పెంచుతున్నాను. అందులో ఎక్కువ కాలం గింజల నుంచి సీసాల్లో మొక్కలు తీసే పనిలోనే గడిచింది. మీరు ఆ మాట మొక్క మీద ప్రేమతోనే అన్నారని నాకు అర్థమైంది. అయితే ప్రేమతో కొన్నవాళ్ళ వల్లే ఈ మొక్కకు ఈ గతి పట్టింది.

ముందుగా రెండో ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. కొనకండి. అతను చెప్పింది నిజమైతే అది నేరం. అబద్ధమైతే మోసం. రెండిట్లో ఏదైనా మీకు మిగిలేది ఒక చచ్చిపోయిన మొక్కే.

ఇక ఆ పువ్వు సంగతి. మీరు పంపిన ఫోటోలో నాకు ధైర్యం ఇచ్చిన గుర్తు ఒకటుంది: పసుపు రేకుల మధ్యలో నిలువుగా ముదురు గోధుమ రంగు చార. పైన నిలబడిన రేకుకీ, పక్కలకు చాచిన రెండు రేకులకీ ఆ చార ఉండి, ముందు భాగం పసిపిల్లల మేజోడులా సంచి కట్టి ఉంటే అది పాఫియోపెడిలమ్ డ్రూరీ. స్లిప్పర్ ఆర్కిడ్‌ల జాతిలోది. దక్షిణ భారతంలో సహజంగా పెరిగే స్లిప్పర్ ఆర్కిడ్ ఇదొక్కటే. మన దేశంలో దీని అక్కచెల్లెళ్ళన్నీ ఈశాన్య రాష్ట్రాల్లో, తూర్పు హిమాలయాల వైపు ఉన్నాయి. వాటికీ దీనికీ మధ్య రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరం. కేరళ, తమిళనాడు సరిహద్దులో పడమటి కనుమల దక్షిణపు కొసన ఉన్న అగస్త్యమల కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఇది తనంతట తాను మొలవదు. అక్కడైనా కొండంతా ఉండదు. సుమారు 1,400 మీటర్లు దాటిన ఎత్తులో, రాళ్ళ సందుల్లో, గడ్డి వాలుల మీద కొన్ని చోట్లే ఉంటుంది. దీని బంధువులు ఎక్కువగా చెట్ల నీడలో, ఆకుల చెత్తలో పెరుగుతాయి. ఇది మాత్రం వెలుతురు బాగా పడే బయలు వాలులో గడ్డి మధ్య నిలబడుతుంది. ఆ తేడాను గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1865లో కర్నల్ హీబర్ డ్రూరీ అనే ఆంగ్ల సైనికాధికారి అప్పటి తిరువాన్కూరు సంస్థానపు కొండల్లో దీన్ని సేకరించాడు. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖలో పనిచేసిన బెడ్డోమ్ 1874లో దీనికి శాస్త్రీయ నామం పెట్టి ప్రచురించాడు. ఈ బెడ్డోమ్ పేరు మన ప్రాంతం వాళ్ళకి కొత్త కాదు. శేషాచలం కొండల్లో తప్ప దాదాపుగా ఎక్కడా కనిపించని సైకస్ బెడ్డోమీ ఆయన పేరు మీద ఉన్న మొక్కే. అతను పేరు పెట్టిన మొక్క ఒకటి, అతని పేరు పెట్టుకున్న మొక్క ఒకటి. ఇప్పుడు రెండూ ఒకే చట్టపు జాబితాలో ఉన్నాయి. ఆ జాబితా దగ్గరికి తర్వాత వస్తాను.

ఆ తర్వాత చాలా దశాబ్దాలు ఈ మొక్క అడవిలో ఎవరికీ కనిపించలేదు. పోయిందనే అనుకున్నారు. 1970ల మొదట్లో మళ్ళీ కనబడింది. నిజానికి అది సంతోషించాల్సిన వార్త. కానీ ఎక్కడ ఉందో బయటికి పొక్కగానే సేకరించేవాళ్ళు కొండెక్కారు. విదేశాల్లో స్లిప్పర్ ఆర్కిడ్‌లు పోగుచేసేవాళ్ళకు ఇది దొరకని నిధి లాంటిది. అప్పటికి దీన్ని కాపాడే చట్టం సరిగ్గా లేదు. దుబ్బులకు దుబ్బులు పీకి గోనెసంచుల్లో దించేశారు. దశాబ్దాల తరబడి మనిషి కంటబడకుండా బతికిన మొక్క, కంటబడ్డాక కొన్నేళ్ళకే ఖాళీ అయ్యే స్థితికి వచ్చింది. ఈ రోజు అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఎర్ర జాబితాలో ఇది అత్యంత ప్రమాదంలో ఉన్న వర్గంలో ఉంది. దాని తర్వాతి మెట్టు అడవిలో అంతరించిపోవడమే.

ఇది ఈ ఒక్క మొక్క కథే అనుకోవద్దు. వియత్నాంలో ఒక స్లిప్పర్ ఆర్కిడ్‌ను 1999లో కొత్త జాతిగా ప్రకటించారు, పేరు కూడా ఆ దేశం మీదే పెట్టారు. ప్రకటించిన కొన్నేళ్ళకే అది ఉన్న కొండల మీద వెతికినా దొరకని పరిస్థితి వచ్చింది. అందుకే ఇప్పుడు ఆర్కిడ్ శాస్త్రవేత్తలు చాలామంది కొత్త జాతిని ప్రకటించేటప్పుడు కచ్చితమైన చోటు రాయరు.

మీరు అడగొచ్చు, పీకితే మళ్ళీ మొలవదా, గడ్డి కోస్తే మళ్ళీ రావడం లేదా అని. ఇక్కడే ఆర్కిడ్ సంగతి వేరు.

ఆ చెప్పు ఆకారం అందానికి వచ్చింది కాదు. అది పురుగును దారిలో పెట్టే ఏర్పాటు. పువ్వు మధ్యలో ఒక చిన్న డాలు లాంటిది ఉంటుంది. పురుగు దాని మీద వాలబోయి జారి సంచిలో పడుతుంది. సంచి ముందు అంచు లోపలికి మడిచి ఉంటుంది, గోడలు నున్నగా ఉంటాయి, ఎక్కలేదు. వెనక వైపు మాత్రం సన్నని వెంట్రుకలు నిచ్చెనలా ఉంటాయి. వాటిని పట్టుకుని పైకి పాకితే అటొకటి ఇటొకటి రెండు ఇరుకు సందులు. ఆ సందులో దూరేటప్పుడు మొదట దాని వీపు పుప్పొడిని అందుకునే భాగమైన కీలాగ్రాన్ని రాసుకుంటుంది, ఆ తర్వాతే పుప్పొడికి తగులుతుంది. జిగురుగా ఉండే పుప్పొడి ముద్ద వీపుకి అంటుకుంటుంది. వరుస చూడండి: ముందు ఇవ్వడం, తర్వాత తీసుకోవడం. అందువల్ల ఒక్క పువ్వులో పడి లేచినందువల్ల కాయ కట్టదు. అదే పురుగు ఇంకో పువ్వుకి వెళ్ళి మళ్ళీ అదే సంచిలో పడాలి. ఇంత కష్టపడినా దానికి దక్కేదేమీ లేదు. ఈ జాతి పువ్వుల్లో తేనె ఉండదు. ఒకసారి మోసపోయిన పురుగు రెండోసారి మోసపోతేనే గింజ.

కాబట్టి పక్కపక్కన నాలుగు దుబ్బులు పూసి ఉన్నప్పుడు కాయ కట్టే అవకాశం ఉంటుంది. మూడింటిని పీకేసి ఒకటి వదిలేస్తే ఆ ఒకటి పూస్తూనే ఉంటుంది, కాయ మాత్రం పట్టదు. చూసేవాళ్ళకి మొక్క ఉన్నట్టే కనిపిస్తుంది. పిలకలు వేసి తానొక్కటే కొంచెం కొంచెం పాకుతుంది. కానీ దాని సంతతి అక్కడితో ఆగిపోయినట్టే. ‘ఒక్కటే కదా తీసుకున్నాను, అక్కడ ఇంకా ఉన్నాయి’ అనే మాట నాకు మింగుడుపడకపోవడానికి కారణం ఇదే.

కాయ కట్టిందే అనుకుందాం. నేను మొదటిసారి ఒక స్లిప్పర్ ఆర్కిడ్ కాయ కోసిన రోజు బాగా గుర్తు. నెలల తరబడి కాచుకున్న కాయ. నల్ల కాగితం పరిచి, బ్లేడుతో నిలువునా చీల్చి, వేలితో తట్టాను. లేత గోధుమ రంగు పొడి రాలింది. కుంకుమ భరిణ అడుగున మిగిలిన పొడి అంత ఉంటుందేమో. ఊపిరి బిగబట్టమని పక్కనున్నాయన అంటూనే ఉన్నాడు, ఈలోగా నేను శ్వాస వదిలాను. సగం పొడి లేచిపోయింది. ఆ సగంలో వేల గింజలు ఉన్నాయి. మైక్రోస్కోప్ కింద చూస్తే ఒక్కో గింజ పల్చని వలసంచి, దాని మధ్యలో చిన్న చుక్క. అంతే. వరి గింజలో, శనగలో పిండి ఉంటుంది, మొలక లేచేదాకా తినడానికి తల్లి కట్టిచ్చిన సద్దిమూట అది. ఆర్కిడ్ గింజకి ఆ మూట లేదు. గాలికి ఎంత దూరమైనా పోతుంది, కానీ పడ్డచోట తిండి పెట్టేవాళ్ళు ఉండాలి.

ఆ తిండి పెట్టేది నేలలోని ఒక రకం ఫంగస్. కంటికి కనిపించని దాని పోగులు గింజలోకి చొరబడతాయి. గింజ ఆ పోగుల్ని జీర్ణం చేసుకుని, వాటి ద్వారా చక్కెరలు, ఖనిజాలు అందుకుని పచ్చబడేదాకా బతుకుతుంది. నోయెల్ బెర్నార్డ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1899లో ఈ సంబంధాన్ని మొదటిసారి పట్టుకున్నాడు. అంతవరకూ ఐరోపాలో తోటమాలులు గింజలు చల్లి చల్లి విసిగిపోయి, తల్లి మొక్క మొదలు దగ్గరే కొన్ని ఎందుకు మొలుస్తున్నాయో అర్థంకాక తలలు పట్టుకునేవారు. తల్లి వేరులో ఆ ఫంగస్ ఉంటుంది కనుకే అక్కడ మొలిచేవి. అంటే పాత దుబ్బు ఉన్న నేలే కొత్త మొలకకు అనువైన నేల. దుబ్బును వేళ్ళతో సహా, మట్టి గడ్డతో సహా పెళ్ళగించిన వాడు ఆ మొక్కతో పాటు దాని పిల్లలు మొలిచే చోటును కూడా ఎత్తుకుపోయాడు.

మొలిచాక కూడా తొందరేమీ ఉండదు. నర్సరీలో తిండీ నీళ్ళూ సమయానికి అందించినా స్లిప్పర్ ఆర్కిడ్‌లు గింజ నుంచి పువ్వుకు రావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. రాతి సందులో, ఎండాకాలం దాహం తట్టుకుంటూ పెరిగే దానికి ఇంకా ఎక్కువే కావాలి. ఎదిగిన మొక్క మాత్రం చాలా ఏళ్ళు బతుకుతుంది. అందువల్ల ఈ జాతి బతుకంతా ఎదిగిన దుబ్బుల మీదే ఆధారపడి ఉంది. సేకరించేవాడు ఏరి తీసుకుపోయేదీ సరిగ్గా వాటినే. చిన్న మొక్కను ఎవరూ కొనరు.

ఇప్పుడు మీ చివరి మాటకు వస్తాను. ‘నా దగ్గరైతే బతుకుతుంది.’

కొన్నేళ్ళ కిందట ఒకాయన తడి న్యూస్‌పేపర్‌లో చుట్టిన ఒక అడవి ఆర్కిడ్ దుబ్బును నా దగ్గరికి తెచ్చాడు. డ్రూరీ కాదు, నేల మీద పెరిగే వేరే ఆర్కిడ్. ఎవరో ఇచ్చారని, వాడిపోతోందని, కాపాడమని అడిగాడు. పేపరు విప్పితే ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. వేళ్ళు చూశాను. పీకేటప్పుడు రాతికి అంటుకున్నవి అక్కడే తెగిపోయాయి. మిగిలినవి చేత్తో నొక్కితే మెత్తగా ఉన్నాయి, తొక్క ఊడి లోపలి పోగు దారంలా చేతికొచ్చింది. పొడవాటి వేళ్ళలో గట్టిగా ఉన్నవి రెండే. కుళ్ళింది కోసి, కోసిన చోట మందు పూసి, శుభ్రమైన నాచులో పెట్టి నీడలో ఉంచాను. ఆకులు మూడు నెలలు పచ్చగానే ఉన్నాయి. ఆయన ఫోన్ చేసినప్పుడల్లా ‘బతికినట్టేనా?’ అని అడిగేవాడు. తాను దాచుకున్న నీళ్ళతో ఆకులు పచ్చగా ఉన్నాయి తప్ప కొత్త వేరు ఒక్కటి రాలేదు. నాలుగో నెలలో మొదలు నల్లబడి పోయింది. నాకు చేతనైనదంతా చేశాను. నా దగ్గర షేడ్‌నెట్ ఉంది, తేమ చూసుకునే ఏర్పాటు ఉంది, అనుభవం ఉంది. అయినా పోయింది.

డ్రూరీ విషయంలో ఇంకా కష్టం. దీనికి భూమిలో పాకే కాండం పొడవుగా ఉంటుంది, ఒక పిలకకూ ఇంకో పిలకకూ మధ్య ఎడం ఎక్కువ. రాళ్ళ సందుల్లోంచి పీకినప్పుడు ఆ కాండమే ముక్కలవుతుంది. పైగా 1,400 మీటర్ల ఎత్తున మంచు, గాలి, రాత్రి చల్లదనం, పగటి వెలుతురు అన్నీ కలిసిన చోటు నుంచి మైదానంలో ఒక బాల్కనీలోకి వస్తుంది. స్లిప్పర్ ఆర్కిడ్ అంటే నీడ మొక్క అనే లెక్కతో కొన్నవాడు దాన్ని మూలన పెడతాడు. అది వెలుతురు కోరే మొక్క అని ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. ఒకవేళ అన్నీ కుదిరి బతికిందే అనుకోండి. మీ కుండీలో అది ఒంటరి మొక్క. దాని పుప్పొడి ఇంకో డ్రూరీకి చేరదు, దాని గింజ ఆ వాలు మీద పడదు. అడవి లెక్కలో ఆ మొక్క పీకిన రోజే చచ్చిపోయింది.

సేకరణ ఒక్కటే ముప్పు కాదు. ఎండాకాలం గడ్డి వాలుల మీదికి మంట పాకితే నేల దగ్గరున్న ఆకులు, గింజలు, లేత మొలకలు కాలిపోతాయి. దారి తప్పి వాలుల మీద నడిచే కాళ్ళ కింద మొలకలు నలిగిపోతాయి, మొలకను చూసి ఇది ఆర్కిడ్ అని ఎవరూ గుర్తుపట్టలేరు కూడా. మొక్కలు తక్కువైన కొద్దీ దగ్గర బంధువుల మధ్యే పరాగసంపర్కం జరిగి సంతానం బలహీనపడుతుంది. ఇవి కాక నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఎత్తు. వాతావరణం వేడెక్కితే కొండ మొక్కలు చల్లదనం కోసం తరతరాలుగా పైకి జరుగుతాయి. అగస్త్యకూడం శిఖరం 1,868 మీటర్లు. ఇప్పటికే దీని నివాసం 1,400 దాటి ఉంది. పైకి పోవడానికి మిగిలిన కొండ చాలా కొంచెం. అయినా ఈ ముప్పులన్నిటినీ తట్టుకునే శక్తి మొక్కలు ఎక్కువగా ఉన్నప్పుడే ఉంటుంది. వంద దుబ్బులున్న వాలులో ఒక మంట వస్తే యాభై మిగులుతాయి. ఐదు దుబ్బులున్న చోట వస్తే ఏమీ మిగలదు. ఆ వందను ఐదు చేసింది మంట కాదు, మనుషుల చేతులు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి, ఎందుకంటే కొన్న మీకూ అది వర్తిస్తుంది. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో జంతువుల గురించే ప్రధానంగా మాట్లాడేది. 1991లో సవరించి మొక్కల కోసం ఒక అధ్యాయం చేర్చారు. మొత్తం ఆరు పేర్లతో ఒక జాబితా పెట్టారు. మన శేషాచలం సైకస్ బెడ్డోమీ, ఆయుర్వేదంలో వాడే చెంగల్వకోష్టు, మేఘాలయలో పురుగులు తినే కూజా మొక్క, నీలి వాండా, ఎర్ర వాండా అనే రెండు ఆర్కిడ్‌లు, ఆరోది స్లిప్పర్ ఆర్కిడ్‌లు, అంటే పాఫియోపెడిలమ్ మొత్తం. దేశంలో పన్నెండు వందలకు పైగా ఆర్కిడ్ జాతులు ఉంటే అప్పుడు ఆ జాబితాలోకి ఎక్కిన ఆర్కిడ్‌లు చివరి మూడు పేర్లే. 2022 సవరణ తర్వాత జాబితాల వరుస సంఖ్యలు మారాయి, రక్షణ మాత్రం అలాగే ఉంది. అడవి నుంచి పీకడం ఒక్కటే కాదు, దగ్గర ఉంచుకోవడం, అమ్మడం, రవాణా చేయడం కూడా నిషేధమే. నర్సరీలో పెంచాలన్నా, వ్యాపారం చేయాలన్నా లైసెన్స్ కావాలి. ఉల్లంఘిస్తే మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అంతర్జాతీయంగా చూస్తే, స్లిప్పర్ ఆర్కిడ్‌లలో ఈ పాఫియోపెడిలమ్ వర్గమంతా, ప్రమాదంలో ఉన్న జంతువులూ మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ ఒప్పందంలో అన్నిటికన్నా కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. పులి ఉన్న జాబితా అది. అడవి నుంచి తీసిన మొక్కల వ్యాపారానికి దేశాల మధ్య తావే లేదు.

ఇక మూడో ప్రశ్న, పూల కొట్లో ఆర్కిడ్‌లు. అక్కడ మీరు చూసేవి ఎక్కువగా ఫెలనాప్సిస్, డెండ్రోబియమ్ సంకరాలు. 1922లో లూయిస్ నడ్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చక్కెర కలిపిన అగర్ (సముద్రపు నాచు నుంచి తీసిన జెల్లీ) మీద ఫంగస్ లేకుండానే ఆర్కిడ్ గింజ మొలిపించవచ్చని చూపించాడు. 1960లో ఫ్రాన్స్‌లో జార్జ్ మోరెల్ చిగురు కొన నుంచి ఒకే రకం మొక్కలను వేలల్లో తీసే పద్ధతిని ఆర్కిడ్‌లకు అన్వయించాడు. దాంతో ఆర్కిడ్ రాజుల ఇంటి మొక్క స్థాయి నుంచి పూల బకెట్ దాకా వచ్చింది. కానీ ఆ చిగురు పద్ధతికి స్లిప్పర్ ఆర్కిడ్‌లు సరిగ్గా లొంగవు. ఇవాళ్టికీ వీటిని ప్రధానంగా గింజల నుంచే చేస్తారు. కాబట్టి ఖర్చు ఎక్కువ, సమయం ఎక్కువ. అడవి నుంచి పీకితే ఆ ఖర్చూ సమయమూ మిగులుతాయని దొంగ వ్యాపారి చూసుకుంటాడు. అలాగని డ్రూరీ ప్రయోగశాలలో మొలవదని కాదు. విదేశీ నర్సరీల్లో గింజల నుంచి పెంచిన డ్రూరీలు తరాలుగా ఉన్నాయి. సంకరాల్లో తల్లిగా కూడా వాడుతుంటారు. మన దగ్గర తిరువనంతపురం జిల్లా పాలోడులోని ఉష్ణమండల వృక్ష పరిశోధన తోట దీన్ని ప్రయోగశాలలో పెంచి మళ్ళీ కొండకు చేర్చే పని మీద కృషి చేసింది. అదే సంస్థ నీలి వాండాను కూడా సీసాల్లో పెంచి అడవి చెట్ల మీదికి ఎక్కించింది.

ఆ పని ఎంత ఓపికతో కూడినదో చెప్పాలి. సీసాలో మొలక చక్కెర మీద పెరుగుతుంది, నూటికి నూరు పాళ్ళు తేమలో ఉంటుంది, ఒక్క సూక్ష్మజీవిని కూడా ఎరగదు. సీసా పగలగొట్టి బయటికి తీసి, గోరువెచ్చని నీళ్ళలో అగర్ కడిగి, సన్నని బెరడు ముక్కల్లో నాటిన మొదటి రెండు నెలలే గండం. మొదలు దగ్గర ఆవగింజంత గోధుమ మచ్చ కనిపిస్తే తెల్లారేసరికి పక్కన పది మొక్కలు పడిపోయి ఉంటాయి. రోజూ టార్చి వేసుకుని ట్రేలు చూసిన రోజులు ఉన్నాయి. అవి గట్టిపడి, ఏళ్ళు గడిచి, ఆ తర్వాత వాలు మీద నాటితే అక్కడి ఫంగస్‌తో, ఎండతో, జంతువులతో మళ్ళీ కొత్తగా సర్దుకోవాలి. ఇంగ్లండ్‌లో లేడీస్ స్లిప్పర్ అనే బంధువు కథ వినండి. తోటల కోసం తవ్వి తవ్వి 1917 నాటికి అంతరించిందన్నారు. 1930లో యార్క్‌షైర్‌లో ఒకే ఒక్క మొక్క దొరికింది. ఎక్కడుందో బయటికి పొక్కకుండా దశాబ్దాలు కాపలా కాశారు. 1983లో లండన్‌లోని క్యూ గార్డెన్స్ అనే వృక్ష పరిశోధన తోటలో మొదలైన ప్రాజెక్టులో గింజల నుంచి మొలకలు పెంచి తిరిగి నాటడం మొదలుపెట్టారు. అలా తిరిగి నాటిన మొక్కల్లో మొదటి పువ్వు 2000లో పూసింది. ఒక్క మొక్కను నిలబెట్టుకున్నారు కాబట్టి ఆ పువ్వు చూశారు. అది కూడా పోయి ఉంటే ఎంత పెద్ద ప్రయోగశాల ఉన్నా లాభం లేదు. కొండ మీది దుబ్బే విత్తన బ్యాంకు. దాన్ని ఖాళీ చేసి నర్సరీ నిలబడదు.

మీలాగే అమాయకంగా అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి, ఆర్కిడ్ కొనేటప్పుడు అడవిదో నర్సరీదో ఎలా పట్టుకోవాలో చెప్తాను. నర్సరీ మొక్కలు ఒక ఈడువి ఒకే ఎత్తులో ఉంటాయి. వేళ్ళు కుండీ ఆకారానికి తిరిగి, బెరడు ముక్కల్నో కొబ్బరి పీచునో పట్టుకుని ఉంటాయి. ఆకులు శుభ్రంగా ఉంటాయి. అడవి నుంచి పీకినది ఒకటి పెద్దది ఒకటి చిన్నది. ఆకుల మీద పురుగు కొరికిన పాత రంధ్రాలు, ఎండిన చివర్లు, ఒక్కోసారి నాచు, బూడిద రంగు లైకెన్ మచ్చలు ఉంటాయి. వేళ్ళు పొడవుగా ఒకే దిక్కుకు వెళ్ళి తెగిపోయి ఉంటాయి, సందుల్లో కొండ మట్టి, గడ్డి వేళ్ళు. అమ్మేవాడు పేరు చెప్పలేడు, తల్లి ఏదో చెప్పలేడు, బిల్లు ఇవ్వడు. ‘ఇది ఇంకెక్కడా దొరకదు’ అన్న మాటను మాత్రం పదిసార్లు చెప్తాడు. అదే నాకు అన్నిటికన్నా పెద్ద గుర్తు.

మీకు నిజంగా ఆర్కిడ్ పెంచాలని ఉంటే ఫెలనాప్సిస్‌తో మొదలుపెట్టండి. ఏడాది పాటు వేళ్ళు ఎప్పుడు వెండి రంగులోకి తిరుగుతున్నాయో, ఎప్పుడు పచ్చబడుతున్నాయో చూస్తూ నీళ్ళు పోయడం నేర్చుకోండి. స్లిప్పర్ ఆర్కిడ్ మీదే మనసుంటే లైసెన్స్, కాగితాలు చూపించగల నర్సరీ దగ్గరే తీసుకోండి. కాగితం అడిగితే విసుక్కునేవాడి దగ్గర వద్దు.

ఆ అమ్మకందారు పేజీని స్క్రీన్‌షాట్ తీసి అటవీ శాఖకు పంపండి. అతనితో వాదించకండి, బేరం ఆడినట్టు నటించి వివరాలు రాబట్టాలని చూడకండి. ‘ఎన్ని ఉన్నాయి’ అని మీరు అడిగినా అతనికి అది ఆర్డరు లాగానే వినిపిస్తుంది, ఇంకోసారి కొండెక్కడానికి ధైర్యం వస్తుంది.

ఇంకొక పని ఇవాళే చేయండి. మీ స్నేహితుడికి ఫోన్ చేసి ఆ ఫోటో ఎక్కడెక్కడ పెట్టాడో అడగండి. ఫోన్‌తో తీసిన ఫోటోలో చాలాసార్లు తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా నమోదై ఉంటుంది. వెనక కనిపించే రాయి, శిఖరం ఆకారం, దారి మలుపు చాలు, ఆ కొండ తెలిసినవాడు చోటు పట్టేస్తాడు. లొకేషన్ తీసేసి, పువ్వు మాత్రమే కనిపించేలా కత్తిరించి పెట్టుకోమనండి. ‘ఫలానా మలుపు దగ్గర చూశాను’ అనే కామెంట్ ఉంటే అదీ తీసేయమనండి. మీరు నాకు పంపిన కాపీలో కూడా ఆ వివరం ఉంది. నేను చూసి తుడిచేశాను.